చర్చల బల్ల వద్దే పరిష్కారం: వి.వి.గిరి చూపిన బాట

శ్రీకాకుళం: యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందమే కలకాలం నిలుస్తుందని, పైనుంచి రుద్దిన తీర్పు ఏదో ఒక పక్షంలో అసంతృప్తిని మిగులుస్తుందని జీవితాంతం నమ్మిన నాయకుడు వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగానే ఎక్కువమందికి గుర్తున్నప్పటికీ, ఆయన ప్రజాజీవితమంతా కార్మిక సమస్యల చుట్టూనే తిరిగింది. తొలి లోక్‌సభకు ఆయనను పంపినది జిల్లాలోని పాతపట్నం నియోజకవర్గమే.

డబ్లిన్‌లో తొలి పాఠం

గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. న్యాయశాస్త్రం చదివేందుకు 1913లో గిరి ఐర్లండు వెళ్లారు. సంఘాన్ని వీడుతామని సంతకం చేయని కార్మికులకు డబ్లిన్ యజమానులు పని నిరాకరించి లాకౌటు ప్రకటించిన సంవత్సరమది. వేల కుటుంబాలు నెలల తరబడి పస్తులున్నాయి. 1916 నాటి ఐరిష్ తిరుగుబాటు అనంతరం ఆయన ఆ దేశం విడిచి రావలసి వచ్చింది.

స్వదేశానికి వచ్చి న్యాయవాద వృత్తి చేపట్టినా, మనసు కార్మికోద్యమం వైపే మొగ్గింది. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించారు. ఉద్యోగాలు కోల్పోయిన కార్మికుల పక్షాన 1928లో బెంగాల్-నాగపూర్ రైల్వేలో అహింసాయుత సమ్మెను నడిపించారు. 1926లోను, 1942లోను ఏఐటీయూసీ అధ్యక్ష పదవిని అలంకరించారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి నుంచి జస్టిస్ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజానే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించారు.

తీర్పు కోసం పదవీత్యాగం

1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయిన గిరి, వివాదాలను తప్పనిసరిగా ట్రిబ్యునళ్లకు నివేదించే పద్ధతిని తగ్గించి, ఉభయపక్షాల సంప్రదింపులకు పెద్దపీట వేయాలని వాదించారు. ఈ ఆలోచనే గిరి విధానంగా పేరొందింది. ప్రభుత్వంలోనే దీనికి వ్యతిరేకత ఎదురైంది.

బ్యాంకు ఉద్యోగుల వివాదంలో కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం 1954లో సవరించడంతో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. ట్రిబ్యునళ్లపై ఆధారపడరాదన్న వ్యక్తే ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవిని వదులుకోవడం అప్పట్లో పలువురిని ఆలోచింపజేసింది. ఒప్పందమైనా, తీర్పైనా ఇచ్చిన మాట మారితే కార్మికునికి ఏ వ్యవస్థ మీదా నమ్మకం మిగలదన్నది ఆయన వైఖరిలోని అంతరార్థం. ఆ తీర్పు అమలు విషయమై 1955లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది.

అనంతరం ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా సేవలందించారు. 1975లో భారతరత్న స్వీకరించారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఆయన పేరిట నడుస్తోంది.

నేటి యజమానులకు మార్గం

గిరి కోరిన సంప్రదింపులకు 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతిలో కొంత చోటు దక్కింది. ఈ స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఉభయపక్షాల సమాన ప్రాతినిధ్యంతో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఒకటికి మించి సంఘాలున్నచోట 51 శాతం కార్మికుల మద్దతు గల సంఘానికే చర్చలు జరిపే ఏకైక సంఘంగా గుర్తింపు లభిస్తుంది. సమ్మెకైనా, లాకౌటుకైనా కనీసం 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి. దీనికి తోడుగా వచ్చిన వృత్తి భద్రతా స్మృతి ప్రకారం ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలి.

కమిటీని కాగితంపై చూపి సరిపెట్టుకున్న సంస్థకు చట్టంలోని లాంఛనమే దక్కుతుంది. నెలనెలా సమావేశపరచి, తీర్మానాలను నమోదు చేసి, ఒప్పుకున్నది గడువులోగా అమలు చేసే యాజమాన్యానికి చాలా తగాదాలు గేటు దాటకముందే సమసిపోతాయి. మంత్రి పదవిని వదులుకుని గిరి నిలబెట్టిన విలువ కూడా ఇచ్చిన మాటను నెరవేర్చడమే.