కోటలో ఖైదీ, చేరని జాబులు : డాక్టర్ పట్టాభి సీతారామయ్య

జైలులో ఉన్న మనిషికి ఇంటివారు పంపగలిగినవి ముఖ్యంగా మూడు: జాబు, డబ్బు, చదువుకొనుటకు పుస్తకం. ఈ మూడింటి విలువను అనుభవించి తెలుసుకొన్న తెలుగువారిలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య ఒకరు. ఆయనను మనం ఆంధ్రా బ్యాంకు స్థాపకునిగా, కాంగ్రెసు చరిత్రకారునిగా స్మరిస్తాము. దాదాపు మూడేళ్లు విచారణ లేకుండా నిర్బంధంలో గడిపిన ఖైదీగా ఆయనను తలచుకొనేవారు తక్కువ. ఈ వ్యాసంలో ఆ ఖైదీ జీవితానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

పట్టాభి 1880 నవంబరు 24న నేటి ఏలూరు ప్రాంతంలోని గుండుగొలను గ్రామంలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. కడు పేదరికంలో చదువు సాగించి, మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టభద్రులై, ఆపై వైద్యవిద్య పూర్తిచేసి 1906 ప్రాంతంలో మచిలీపట్నంలో వైద్యం ప్రారంభించారు. చేతినిండా పని ఉన్న ఆ వృత్తిని పదేళ్లకే విడిచి దేశసేవకు అంకితమయ్యారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావుగార్లతో కలసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. 1919లో 'జన్మభూమి' అనే ఆంగ్ల వారపత్రికను ప్రారంభించి చాలాకాలం తామే నడిపారు. చదువు, పత్రిక అనే రెండు వ్యసనాలు ఆయనకు అప్పుడే పట్టుకొన్నాయి. అవి లేని రోజును ఆయన ఊహించి ఉండరు.

డబ్బు సంగతి కూడా ఆయన ఆనాడే ఆలోచించారు. రైతు వడ్డీవ్యాపారి చేతిలో నలిగిపోవుటను కళ్లారా చూసి, లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో 1923 నవంబరులో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు వచ్చాయి. తుంగభద్ర ఎడమకాలువ నీటి వెంట కోస్తా జిల్లాలనుండి వచ్చి సింధనూరు, మాన్వి తాలూకాలలో క్యాంపులు కట్టుకొన్న మన కుటుంబాలవారికి ఆ బ్యాంకు పేరు కొత్త కాదు. పెట్టెలు వెదికితే కొందరికి ఆ పేరుగల పాత పాసుపుస్తకాలు ఇంకా దొరుకుతాయి. 1980 ఏప్రిల్ 15న జాతీయమైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. బోర్డు మారినా, ఇంటికి దూరాన ఉన్నవానికి నమ్మకంగా నాలుగు రూపాయలు చేర్చుట అనే పని మారలేదు.

పట్టాభి 1930 ఉప్పు సత్యాగ్రహంలోను, 1932, 1933 సంవత్సరాలలోను జైలుకు వెళ్లారు. ఆ నాటి జైలును అర్థం చేసుకొనుటకు కొంచెం వెనుకకు పోవాలి. 1929లో లాహోరు జైలులో భగత్‌సింగ్, ఆయన సహచరులు నిరాహారదీక్ష చేశారు. వారి కోరికలలో మంచి భోజనంతోబాటు పుస్తకాలు, వార్తాపత్రికలు కూడా ఉన్నాయి. ఆ దీక్షలో 63వ దినమున, 1929 సెప్టెంబరు 13న, జతీంద్రనాథ్ దాస్ కన్నుమూశారు. చదువుకొనే హక్కును కూడా కలిపి కోరిన పోరాటంలో ఒక యువకుడు ప్రాణం విడిచిన సంగతి మన పిల్లలకు పాఠంగా చెప్పవలసినది. ఆ తరువాత 1930లో ప్రభుత్వం ఖైదీలను ఎ, బి, సి తరగతులుగా విభజించింది. చదువుకొన్నవారికి, స్థితిమంతులకు పై రెండు తరగతులు దక్కితే, వారికి ఉత్తరాలు, పుస్తకాలు కొంత ఎక్కువ అందేవి. సాధారణ రైతు, కూలీ సత్యాగ్రహి మాత్రం సి తరగతిలోనే పడి ఉండేవాడు. స్వరాజ్యం కోసం వెళ్లిన జైలులో కూడా ఈ అంతరం తప్పలేదు. జైలుశిక్షతోపాటు జరిమానా కూడా వేసేవారు. అది చెల్లించకపోతే ఇంటి సామాను జప్తు చేయుట ఆ రోజులలో మామూలు. అంటే లోపలివానికి డబ్బు పంపవలసిన ఇంటినుండే డబ్బు లాగుకొనేవారన్నమాట.

మన పొరుగునే, తుంగభద్రకు ఆవల, బళ్లారిలోని అలీపురం జైలు ఆ కాలంలో ఎందరో ఆంధ్ర సత్యాగ్రహులకు నివాసమైనది. నదికి ఈవల ఉన్న మన రాయచూరు అప్పుడు నిజాం రాజ్యంలోనిది. నిజాముకు వేరే తపాలా శాఖ, వేరే తపాలాబిళ్లలు, వేరే నాణెం. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అక్కడ చెల్లేది కల్దారు రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే రమారమి ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. నది ఆవలి జైలులో ఉన్న బంధువుకు పది రూపాయలు పంపవలెనన్నా మారకపు లెక్క వేయవలసిన రోజులవి. సరిహద్దున బ్రతికే మనకు ఈ లెక్కలు ఏదో ఒక రూపంలో ఎప్పుడూ ఉన్నవే.

పట్టాభికి సంస్థానాల ప్రజలతో కూడ గట్టి సంబంధం ఉండేది. 1936లో కరాచీలో జరిగిన అఖిలభారత సంస్థాన ప్రజల మహాసభకు ఆయన అధ్యక్షత వహించారు. 1939లో గాంధీజీ మద్దతుతో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి సుభాష్‌చంద్రబోసు చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమిని గాంధీజీ తన ఓటమిగా భావించిన సంగతి ప్రసిద్ధమే.

ఇక 1942. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం ఆమోదం పొందింది. మరునాడు తెల్లవారకముందే పోలీసులు నాయకుల తలుపులు తట్టారు. అందరినీ ఒక ప్రత్యేక రైలులో ఎక్కించారు. గాంధీజీని పూనాలోని ఆగాఖాన్ భవనానికి తరలించగా, కార్యవర్గ సభ్యులను అహమద్‌నగర్ కోటకు చేర్చారు. చాంద్‌బీబీ మొగలులను ఎదిరించి నిలిపిన కోట అది. ఊరి పేరు ఇప్పుడు అహిల్యానగర్‌గా మారింది. నెహ్రూ, పటేల్, మౌలానా ఆజాద్, గోవిందవల్లభ పంత్, ఆచార్య నరేంద్రదేవ్, కృపలానీ, అసఫ్ అలీ మున్నగువారితో కలసి మొత్తం పన్నెండుగురు అక్కడ నిర్బంధంలో ఉన్నారు. వారిలో తెలుగువారు పట్టాభి ఒక్కరే. అప్పటికి ఆయనకు అరువది రెండవ ఏడు నడుస్తున్నది.

వీరిపై విచారణ లేదు, శిక్ష లేదు. కనుక విడుదల తేదీ కూడా లేదు. శిక్షపడినవాడు గోడమీద గీతలు గీసి దినాలు లెక్కపెట్టుకోవచ్చు. నిర్బంధితునికి ఆ గీతలకు అంతు తెలియదు. భోజనానికి, పడకకు ప్రభుత్వం పెద్ద లోటు చేయలేదు. కాని వారిని ఎక్కడ ఉంచినదీ మొదట లోకానికి చెప్పలేదు. తొలి వారాలలో వార్తాపత్రిక లేదు, ఉత్తరం లేదు. దేశమంతటా రైలుపట్టాలు తొలగిస్తున్నారు, కాల్పులు జరుగుతున్నాయి, వేలమందిని పట్టుకొంటున్నారు. ఆ ఉద్యమానికి పిలుపునిచ్చినవారికి మాత్రం ఆ వార్తలేవీ తెలియవు. ఇక బందరులోని ఇంటివారి సంగతి ఆలోచించండి. మనిషి ఏ ఊరిలో ఉన్నాడో తెలియనప్పుడు కవరుమీద ఏమి వ్రాస్తారు? నా దృష్టిలో ఆ నిర్బంధంలోని కాఠిన్యమంతా ఇక్కడే ఉన్నది. గోడలకన్నా ఈ నిశ్శబ్దమే గట్టిది.

తరువాత పత్రికలు రానిచ్చారు. ఉత్తరాలకు కూడా అనుమతి ఇచ్చారు, అయితే ఎన్నో నియమాలతో. కుటుంబంలోని వారికే వ్రాయాలి, ఇంటి సంగతులే వ్రాయాలి, ప్రతి అక్షరాన్నీ అధికారులు చదువుతారు. ఇంటివారు వచ్చి చూసిపోయే అవకాశం లేదు. ఇతరుల కళ్లు ముందుగా చదువుతాయని తెలిసినప్పుడు భార్యకు భర్త ఏమి వ్రాయగలడు? కుశలం అడిగి, కుశలం చెప్పి సంతకం పెట్టాలి. అయినప్పటికీ ఆ నాలుగు ముక్కలకోసమే అందరూ ఎదురుచూసేవారు.

మౌలానా ఆజాద్ అనుభవం మరీ దుర్భరమైనది. కలకత్తాలో ఆయన భార్య జులేఖా బేగం తీవ్రంగా జబ్బుపడ్డారు. ప్రభుత్వాన్ని దయ కోరుటకు ఆయన మనసు ఒప్పుకోలేదు. 1943 ఏప్రిల్ 9న ఆమె మరణించగా ఆ కబురు మాత్రమే కోటకు చేరింది. ఆయన ఆ కోటలో ఒక మిత్రునికి ఉర్దూలో వరుసగా లేఖలు వ్రాశారు. పంపే వీలులేదని తెలిసే వ్రాశారు. విడుదలైన తరువాత 1946లో అవి 'గుబారె ఖాతిర్' అనే గ్రంథంగా వెలువడినవి. ఆ లేఖలు ఎవరి పేర వ్రాసినవో తెలిస్తే మన ప్రాంతపు పాఠకులకు ఆసక్తి కలుగుతుంది. ఆ మిత్రుడు నవాబ్ సదర్‌యార్ జంగ్ హబీబుర్రహ్మాన్ ఖాన్ షేర్వానీ. మనమంతా ఏ రాజ్యంలో ఉంటిమో ఆ హైదరాబాదు రాజ్యంలో ధర్మశాఖాధికారిగా, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షునిగా పనిచేసిన పెద్దమనిషి.

పట్టాభి మరొక మార్గం ఎంచుకొన్నారు. దినచర్య వ్రాసుకొన్నారు. సహచరుల సంభాషణలు, వాదోపవాదాలు, చదివిన పుస్తకాలనుండి పుట్టిన తలపులు, చిన్నచిన్న ముచ్చట్లు అన్నీ అందులో చేర్చారు. ఆయన జ్ఞాపకశక్తి అసాధారణమైనది. తేదీలు, అంకెలు, పేర్లు నాలుకమీద ఉండేవి. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవానికి బృహత్తరమైన కాంగ్రెసు చరిత్రను వ్రాసిన చేయి అది, ఖాళీగా ఉండలేదు. ఆ దినచర్య 1946లో 'ఫెదర్స్ అండ్ స్టోన్స్' అనే పేరుతో ఆంగ్లంలో అచ్చయింది. తేలికైన ఈకలు, బరువైన రాళ్లు అని ఆ పేరుకు అర్థం. జైలు దినాలకు అంతకన్నా తగిన పేరు నాకు తోచదు. అదే కోటలో నెహ్రూ 1944 ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఐదు నెలలలో దాదాపు వేయి పుటలు వ్రాసి 'డిస్కవరీ ఆఫ్ ఇండియా' పూర్తిచేశారు. ఇన్ని గ్రంథాలు పుట్టుటకు లోపలికి పుస్తకాలు వెళ్లుటే కారణం. ఒక పండితునికి తెలియనిది మరొక పండితుడు చెప్పేవాడు. వారంతా ఒకరికొకరు గ్రంథాలయమైనారు. ఒంటరి గదిలో, సి తరగతిలో, చదువురాని ఖైదీకి ఈ భాగ్యం లేదన్నది కూడ మరువరాదు.

1945లో వారిని ఆయా రాష్ట్రాల జైళ్లకు మార్చి, జూన్ నెలలో విడుదల చేశారు. పట్టుకొన్న నాటినుండి లెక్కిస్తే ముప్పదినాలుగు నెలలు.

తరువాతి జీవితం అందరికీ తెలిసినదే. కాంగ్రెసు చరిత్ర రెండవ భాగం 1947లో వచ్చింది. 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. భాషారాష్ట్రాల ప్రశ్నపై నెహ్రూ, పటేల్‌లతో కూడిన సంఘంలో సభ్యులై, 1949లో నివేదిక ఇచ్చారు. భాషారాష్ట్రాలను కోరుతూ పెరిగిన మనిషి వాటిని వాయిదా వేయమన్న నివేదికపై సంతకం చేయుట ఆంధ్రులకు రుచించలేదు. ఆ అసంతృప్తిలో న్యాయమున్నదని నేను కూడ భావిస్తాను. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. ఆ మధ్యలోనే, 1956లో, మన రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరగా, అంతవరకు ఈ జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవారైనారు. పట్టాభి 1959 డిసెంబరు 17న హైదరాబాదులో తనువు చాలించారు.

ఆయన పోయిన ఆరేళ్లకు సుప్రీంకోర్టులో ఒక చిత్రమైన కేసు తీర్పుకు వచ్చింది. బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సంజగిరి అనే వ్యక్తి అణువును గురించి మరాఠీలో ఒక శాస్త్రగ్రంథం వ్రాశారు. దానిని అచ్చుకు పంపుటకు ప్రభుత్వం నిరాకరించింది. నిర్బంధ నియమాలు స్పష్టంగా నిషేధించని పనిని అడ్డగించే అధికారం ప్రభుత్వానికి లేదని 1965లో న్యాయస్థానం తేల్చి, ఆ వ్రాతప్రతిని బయటికి పంపించింది. కోటలో కాగితాలు నింపిన పన్నెండుగురూ ఆ తీర్పు విని ఉంటే తప్పక సంతోషించేవారు.

సరిహద్దు గ్రామాలలో ఇంటి మనిషి జైలులో ఉన్నాడన్న మాట పైకి చెప్పుకొనేవారు లేరు. పొరుగువారికి తెలుస్తుందని పోస్టుమాను చేతికి కవరు ఇచ్చుటకు కూడ సిగ్గుపడతారు. కాని విచారణలో ఉన్నవాడు నేరస్థుడని ఇంకా ఎవరూ తేల్చలేదు. 1894 నాటి ప్రిజన్స్ చట్టంలోనే, తీర్పు కాని ఖైదీ బయటినుండి ఆహారం, బట్టలు, ఇతర అవసరాలు తనిఖీకి లోబడి తెప్పించుకోవచ్చునని ఉన్నది. నిషిద్ధ వస్తువు దాచి పంపితే పంపినవారికే ఆరునెలల వరకు శిక్ష అని కూడ అందులోనే ఉన్నది. పచ్చడి సీసాలో చీటీ దాచాలని ఆశపడేవారు ఈ రెండవ మాట గుర్తుంచుకోవాలి. డబ్బు ఖైదీ చేతికి ఇవ్వరు. అతని పేర జైలువారి వద్ద జమ చేస్తారు, కనుక రసీదు భద్రపరచుకోవాలి. కవరుమీద పేరు, తండ్రి పేరు, ఖైదీ సంఖ్య, జైలు పేరు స్పష్టంగా ఉండాలి.

మా బడికి అప్పుడప్పుడు తల్లిదండ్రులు ఈ పనిమీద వస్తారు. ఇటువైపు జైలుకైతే చిరునామా కన్నడంలో, అటువైపు జైలుకైతే తెలుగులో వ్రాసి ఇస్తాను. లోపలి ఉత్తరం మాత్రం వారి మాటలలోనే ఉండనిస్తాను. దానిని తనిఖీ చేసేవారికి ఆ భాష రాకపోతే ఆలస్యం కావచ్చు. మొన్న ఒక తల్లి గేదె ఈనిన సంగతి, దూడ తెల్లమచ్చ సంగతి వ్రాయించి, ఇంకేమి వ్రాయాలో తోచక, కాగితం అడుగున మనుమడి చేత పెన్సిలుతో ఆ దూడ బొమ్మ గీయించింది.