సేనాని ఆర్థర్ కరీ

1914 ఆగస్టు 4న బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించగానే కెనడా కూడా యుద్ధంలో ప్రవేశించినట్లయింది. ఆనాడు కెనడా బ్రిటిష్ సామ్రాజ్యంలో అధినివేశ ప్రతిపత్తి గల దేశం. స్వదేశ పాలన తన చేతిలోనే ఉన్నా, యుద్ధశాంతుల నిర్ణయం మాత్రం లండన్‌దే. ఎనభై లక్షలకు మించని జనాభా గల ఆ దేశం నుండి ఆరు లక్షలకు పైగా సైన్యంలో చేరారు. వారిలో సుమారు 60,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ సేనకు నాయకత్వం వహించిన తొలి కెనడా దేశీయుడు ఆర్థర్ కరీ.

కరీ 1875 డిసెంబరు 5న ఒంటారియో రాష్ట్రంలోని స్ట్రాత్‌రాయ్ పట్టణ సమీపాన ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో పశ్చిమ తీరానికి వెళ్ళి ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. అనంతరం బీమా, స్థిరాస్తి వ్యాపారాలు చేపట్టాడు. 1897లో స్థానిక స్వచ్ఛంద దళంలో సామాన్య ఫిరంగి సైనికుడుగా చేరి క్రమంగా అధికారి అయ్యాడు. వ్యాపారం దెబ్బతిని అప్పులపాలైనప్పుడు, సైనికుల దుస్తుల నిమిత్తం వచ్చిన పదివేల డాలర్లకు పైగా ధనాన్ని 1914లో సొంతానికి వాడుకున్నాడు. 1917లో తోటి అధికారుల వద్ద అప్పు తెచ్చి ఆ మొత్తాన్ని చెల్లించినా, అది అతని జీవితంలో చెరగని మచ్చ.

రణరంగంలో మాత్రం అతడు నిశితమైన పరిశీలకుడు. సైనికుల ప్రాణాలకు బదులు ఫిరంగి గుండ్లను వ్యయం చేయాలన్నది అతని సిద్ధాంతం. 1917 ఏప్రిల్‌లో ఫ్రాన్సులోని విమీ గుట్టపై దాడికి ముందు ప్రతి దళానికీ పటాలు అందాయి. నమూనా భూమిపై సాధన జరిగింది. నాలుగు కెనడా విభాగాలు తొలిసారి కలసి పోరాడి ఆ గుట్టను గెలుచుకున్నాయి. ఒక విభాగాన్ని నడిపిన కరీ ఆ జూన్‌లో మొత్తం కెనడా సేనకు అధిపతి అయ్యాడు. జూలైలో లెన్స్ పట్టణాన్ని నేరుగా ముట్టడించమని ఆజ్ఞ రాగా, ముందు సమీపంలోని ఎత్తైన గుట్టను వశపరచుకోవాలని వాదించి పై అధికారులను ఒప్పించాడు.

అయితే అన్నివేళలా అతని మాట నెగ్గలేదు. బెల్జియంలోని పాషెండేల్ బురదనేలపై దాడికి అతడు అభ్యంతరం తెలిపాడు. పదహారువేల మంది హతులో క్షతగాత్రులో అవుతారని ముందే అంచనా వేశాడు. ఆజ్ఞ తప్పలేదు. నవంబరులో విజయం లభించింది. నష్టం 15,600 దాటింది.

1918 ఆగస్టు 8న ఆమియన్స్ వద్ద మొదలైన విజయయాత్ర నవంబరు 11న మోన్స్ నగరంలో ముగిసింది. ఆనాడు పదకొండు గంటలకు తుపాకులు మూగబోవడానికి రెండు నిమిషాల ముందు కూడా ఒక కెనడా సైనికుడు నేలకొరిగాడు. కీర్తికాంక్షతో చివరి గడియలలో సైనికులను బలిచేశాడన్న నింద కరీపై పడింది. 1927లో ఒక చిన్న పట్టణపు పత్రిక దానిని ప్రచురించింది. అప్పటికి అతడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి అధిపతి. యాభైవేల డాలర్ల పరిహారం కోరుతూ అతడు న్యాయస్థానాన్ని ఆశ్రయించాడు. 1928లో తీర్పు అతనికి అనుకూలంగా వచ్చింది. లభించిన పరిహారం ఐదువందల డాలర్లు మాత్రమే.

సైనికుల త్యాగఫలంగా కెనడా 1919లో వర్సెయిల్స్ సంధిపై తన పేరున సంతకం చేసింది. 1931 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనంతో బ్రిటన్‌తో సమాన హోదా పొందింది. 1933 నవంబరు 30న కరీ కన్నుమూశాడు. సైనికుల ప్రాణాలను లెక్కకట్టి కాపాడ జూసిన సేనాని, ఆ ప్రాణాల విషయంలోనే న్యాయస్థానంలో నిలబడి తన గౌరవాన్ని నిలుపుకోవలసి వచ్చింది. దేశానికి దక్కిన గౌరవం వెనుక ఎందరి ప్రాణాలున్నాయో అతని జీవితం గుర్తుచేస్తుంది.