బాస్కెట్‌బాల్ టీచరమ్మ మార్గరెట్ వేడ్

పి.టి. ఉష పేరు మనందరికీ తెలుసు. ఈసారి సముద్రాల అవతల, అమెరికాలో ఆడపిల్లల ఆటకు పేరు తెచ్చిన ఒక టీచరమ్మ జీవితం రాస్తున్నాం.

ముందు ఆట సంగతి. 1891 డిసెంబర్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం సారు రెండు పండ్ల గంపలు బాల్కనీకి కొట్టి మగపిల్లల చేత బంతి వేయించిండు. అదే బాస్కెట్‌బాల్. మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే టీచర్ స్మిత్ కాలేజీలో అమ్మాయిలకు నేర్పింది. అయితే ఆడవాళ్లు అలసిపోతారని కోర్టును మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలని రూలు పెట్టింది. కబడ్డీలో సగం కూతకే ఆగిపొమ్మన్నట్టు లేదూ!

మార్గరెట్ వేడ్ 1912 డిసెంబర్ 30న మిసిసిపీ రాష్ట్రంలోని మెక్‌కూల్ అనే చిన్న ఊర్లో పుట్టింది. పెరిగింది క్లీవ్‌లాండ్ పట్టణంలో. మన నల్లగొండ వైపు లాగనే అక్కడ కూడా ఎటు చూసినా పత్తి చేన్లే. ఆ పట్టణంలోనే ఉన్న డెల్టా స్టేట్ టీచర్స్ కాలేజీలో చేరింది. మూడేండ్లు టీములో బాగా ఆడింది, కెప్టెన్ అయింది. ఇంక ఒక్క సంవత్సరం ఆట మిగిలి ఉంది.

సరిగ్గా అప్పుడు, 1932లో, కాలేజీ పెద్దలు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఆపేసిండ్రు. ఇంత కష్టమైన ఆట ఆడవాళ్ల ఒంటికి పడదని కారణం చెప్పిండ్రు. పత్తి ఏరడం, నీళ్లు మోయడం మాత్రం ఆడవాళ్ల ఒంటికి ఎట్ల పడిందో ఆ పెద్దలనే అడగాలె. టీము అమ్మాయిలకు దుఃఖం, కోపం ఆగలేదు. తమ ఆట డ్రెస్సులన్నీ కుప్పబోసి కాలబెట్టిండ్రు. వాళ్లలో మార్గరెట్ కూడా ఉంది.

1933లో డిగ్రీ పూర్తి చేసింది. రెండేండ్లు టుపెలో రెడ్ వింగ్స్ అనే టీముకు ఆడింది. మోకాలు దెబ్బ తినడంతో తన ఆట అక్కడికి ఆగింది. ఇక నేర్పడం మొదలుపెట్టింది. తను చదివిన క్లీవ్‌లాండ్ హైస్కూల్లోనే ఎన్నో ఏండ్లు కోచ్‌గా పని చేసింది. హైస్కూలు కోచ్‌గా ఆమె లెక్క చూడండి: 453 గెలుపులు, 89 ఓటములు, 6 డ్రాలు.

1959లో డెల్టా స్టేట్‌కే ఆడపిల్లల వ్యాయామ విభాగం చూడడానికి వచ్చింది. ఆమె ఉంది, గ్రౌండు ఉంది, పిల్లలు ఉన్నరు. టీము మాత్రం లేదు. అట్లనే ఇంకో 14 ఏండ్లు గడిచినయి. 1972లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. సర్కారు డబ్బు తీసుకునే విద్యాసంస్థ చదువులో గానీ ఆటల్లో గానీ ఆడ మగ తేడా చూపరాదని దాని సారాంశం. 1973లో కాలేజీ మళ్లీ టీము పెట్టి, కోచ్‌గా ఉండమని మార్గరెట్ మేడమ్‌నే అడిగింది. అప్పటికి ఆమెకు 60 ఏండ్లు. మన దగ్గర సార్లు దాదాపు రిటైరయ్యే వయసు!

మొదటి ఏడు 18 మ్యాచులలో 16 గెలిచిండ్రు. రెండో ఏడు 28 ఆడి 28 గెలిచిండ్రు. అంతకుముందు వరుసగా మూడేండ్లు జాతీయ చాంపియన్‌గా ఉన్నది ఇమాక్యులేటా అనే కాలేజీ. 1975 ఫైనల్లో డెల్టా స్టేట్ దాన్ని 90-81తో ఓడించింది. 1976లో మళ్లీ అదే కాలేజీని 69-64తో, 1977లో లూసియానా స్టేట్‌ను 68-55తో గెలిచింది. మధ్యలో వరుసగా 51 మ్యాచులు ఓటమి లేకుండా ఆడిండ్రు. పత్తి చేన్ల నడుమ ఉన్న చిన్న కాలేజీ పేరు దేశమంతా పాకింది.

ఆ టీములో లూసియా హారిస్ గురించి చెప్పకుండా ఉండలేం. ఆమెది మింటర్ సిటీ. పేరుకు సిటీ గానీ మన తండాలంత ఊరే. 11 మంది పిల్లలున్న రైతు ఇల్లు, పత్తి ఏరిన చేతులు. ఆరడుగుల మూడంగుళాల పొడుగు. టీములో నల్లజాతి అమ్మాయి తను ఒక్కతే. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ పెట్టినప్పుడు మొట్టమొదటి బుట్ట వేసింది ఈ లూసియానే. అమెరికాకు ఆ ఏడు వెండి పతకం వచ్చింది.

మేడమ్ 1979లో కోచ్ పని విరమించింది. ఆరు సీజన్లలో కాలేజీకి 157 గెలుపులు, 23 ఓటములు. అంతకుముందు ఏడాదే, 1978లో, ఆమె పేరుతో వేడ్ ట్రోఫీ పెట్టిండ్రు. కాలేజీ అమ్మాయిల్లో ఉత్తమ క్రీడాకారిణికి దాన్ని ఇస్తరు. 1985లో నైస్మిత్ పేరున్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో మొదటిసారి ఆడవాళ్లకు చోటిచ్చిండ్రు. ఆ ముగ్గురిలో మార్గరెట్ ఒకరు, గీతలు గీసిన సెండా బెరెన్సన్ ఒకరు, బెర్తా టీగ్ అనే హైస్కూలు కోచ్ ఇంకొకరు.

1995 ఫిబ్రవరి 16న మార్గరెట్ వేడ్ కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 82 ఏండ్లు.