మారుపేర్ల ముద్రాపకుడు

అమెరికా యింకను ఆంగ్లేయుల యేలుబడిలో నుండిన కాలమున, 1706వ సంవత్సరము జనవరి 17వ తేదీన, బోస్టన్ అను రేవుపట్టణమందు కొవ్వువత్తులు చేసి యమ్ముకొను నొక గృహస్థు నింట బెంజమిన్ ఫ్రాంక్లిన్ జన్మించెను. తండ్రికి పదునేడుగురు సంతానము. అందు బెంజమిన్ పదునైదవవాడు. అంతటి సంసారమున చదువునకు ధన మెక్కడిది? రెండేండ్లతోనే బడి ముగిసెను. పదవయేట తండ్రికి తోడుగా వత్తులు కత్తిరించెను గాని ఆ పని యతనికి రుచింపలేదు. పుస్తకము దొరికిన విడువని బాలుడగుటచే, పండ్రెండవయేట తండ్రి యతనిని అన్నయగు జేమ్స్ నడుపు అచ్చుకూటమున చేర్చెను. ఇరువదియొకటవ యేడు వచ్చువరకు అన్న చెప్పినట్లు పనిచేయుటకు ఒడంబడిక కుదిరెను.

1721లో జేమ్స్ 'న్యూ ఇంగ్లండ్ కురాంట్' అను వారపత్రికను స్థాపించెను. అతని మిత్రులు వ్యాసములు తెచ్చి, అచ్చుకూటముననే కూర్చుండి చదువుకొని వినోదించుచుండిరి. బెంజమిన్ అక్షరములు పేర్చుచు ఆ మాటలన్నియు వినుచుండెను. తానును వ్రాయవలెనని కోరిక. కాని పనిపిల్లవాడు వ్రాసినదానిని అన్న అచ్చువేయునా? అలిగినప్పుడు చేయి చేసికొను నన్న యతడు.

అప్పటికి బెంజమిన్‌కు పదునారేండ్లు. దస్తూరి మార్చి యొక యుత్తరము వ్రాసి, రాత్రివేళ అచ్చుకూటపు తలుపు క్రిందనుండి లోనికి త్రోసెను. క్రింద నున్న పేరు సైలెన్స్ డూగుడ్. ఆమె యొక నడివయసు వితంతువు. ఇంగ్లండునుండి వచ్చు ఓడలో పుట్టినదట. బిడ్డ పుట్టెనని తండ్రి ఓడపైతట్టున నిలిచి సంతోషించుచుండగా నొక యల వచ్చి యతనిని ఈడ్చుకొని పోయినదట. పల్లెలోని మతాచార్యుని యింట పెరిగి, తరువాత ఆయననే వివాహమాడి, ముగ్గురు బిడ్డలతో మిగిలినదట. ఇదంతయు కల్పనయే. సైలెన్స్ అనగా మౌనము. నోరు మెదపరాని కుఱ్ఱవాడు మౌనమను పేరుననే నోరు విప్పినాడు!

అన్నయు మిత్రులును ఆ యుత్తరమును చదివి మెచ్చుకొనిరి. వ్రాసినవా రెవరై యుందురని ఊహించుచు, పట్టణములోని విద్యావంతుల పేర్లే చెప్పుకొనిరి. అక్షరముల పెట్టె యెదుట నిలిచి వినుచున్న బాలుని హృదయ మెట్లు గంతులు వేసినదో, విద్యార్థులారా, మీ యీడువారే బాగుగ నెఱుగగలరు.

1722 ఏప్రిల్ మొదలు అక్టోబరు వరకు అట్టి యుత్తరములు పదునాలుగు వెలువడెను. స్త్రీలకు విద్య వలయుననియు, పేద వితంతువుల సహాయమునకు నిధి యేర్పడవలెననియు ఆమె వ్రాసెను. హార్వర్డు కళాశాలనుగూర్చి యొక స్వప్నము చెప్పెను. ఆ విద్యాలయపు వాకిట సంపద, దారిద్ర్యము అను నిద్దరు ద్వారపాలకులు నిలిచియుందురు. ధనికుల మందబుద్ధులు సులభముగ లోనికి పోవుదురు. ధనము లేక చదువు మానినవాని బాధ యిందు లేదందురా?

ఆ యేటి జూనులో, ఓడదొంగలను పట్టుటలో ప్రభుత్వము జాగు చేయుచున్నదని పత్రిక ఎత్తిపొడువగా, జేమ్స్‌ను సుమారు నెల దినములు చెఱలో నుంచిరి. పత్రికను నడుపుభారము తమ్మునిపై పడెను. జులై 9వ తేదీ సంచికలో వాక్స్వాతంత్ర్యమునుగూర్చిన వితంతువు లేఖ వెలువడెను.

తుదకు బెంజమిన్ తన గుట్టు తానే బయలుపఱచెను. మిత్రులు గౌరవించిరి, అన్నకు మాత్రము నచ్చలేదు. పొగడ్తలతో కుఱ్ఱవానికి గర్వము పెరుగునని యతని భయము. కలహములు ముదిరి, 1723లో బెంజమిన్ ఒడంబడికను మీరి యిల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరెను.

అచ్చట తన సొంత ముద్రణాలయమునుండి 1732లో నొక పంచాంగమును వెలువరించెను. దానికర్త రిచర్డ్ సాండర్స్ అను బీద జ్యోతిష్కుడట. ధనము సంపాదింపకున్న నీ పుస్తకములను తగులబెట్టెదనని భార్య బెదరింపగా వ్రాయుచున్నాడట. ఏటేట సుమారు పదివేల ప్రతులు అమ్ముడుపోయెను. కాని ఆ సాండర్స్ తోడి పంచాంగకర్తయైన టైటన్ లీడ్స్ 1733 అక్టోబరు 17న మరణించునని ముందుగనే ప్రకటించెను. లీడ్స్ బ్రదికియుండి మండిపడగా, అంతటి పెద్దమనిషి యిట్లు తిట్టడు గావున అతడు చనిపోయినమాట నిజమే యని సాండర్స్ బదులు వ్రాసెను. పాపము, లీడ్స్ నిజముగ మరణించినది 1738లో. జనులు నవ్విరి, అమ్మకములును పెరిగెను. నాకు మాత్ర మీ హాస్యము రుచింపదు. తలుపు క్రింద నుత్తరము త్రోసిన బాలుడు తనకంటె బలవంతులతో మాటలాడుటకు ముసుగు వేసికొనెను. ఈ వర్తకుడు తన పోటీదారుని ఏడిపించుటకు వేసికొనెను. నేడు అంతర్జాలమున కల్లపేరు దాల్చి యొరుల నేడిపించువారికిని ఈ రుచి తెలియును.

మెఱుపులో విద్యుత్తున్నదని చూపినదియు, 1776లో స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినదియు మీరు వేరుచోట్ల చదివియుందురు. చెప్పవలసినది మఱియొకటి కలదు. ఫ్రాంక్లిన్ ఇంట బానిసలుండిరి. అతని పత్రిక బానిసల విక్రయప్రకటనలను అచ్చువేసెను. వృద్ధాప్యమున మనసు మారి, 1787లో దాస్యనిర్మూలన సంఘమున కధ్యక్షుడయ్యెను. 1790 ఫిబ్రవరిలో ఆ సంఘము కాంగ్రెసునకు విన్నపము పంపగా, జార్జియా ప్రతినిధి జేమ్స్ జాక్సన్ బానిసత్వమును సమర్థించుచు ప్రసంగించెను.

ఎనుబదినాలుగేండ్ల రోగపీడితుడు మరల కలము పట్టెను. మారుపేరుతో పత్రికకు లేఖ వ్రాసి, అందులో నూరేండ్ల క్రిందట అల్జీర్సు దేశపు ప్రముఖు డొకడు చేసెనని యొక ప్రసంగమును కల్పించెను. ఓడలపై పడి పట్టి తెచ్చిన తెల్లవారిని విడువరాదు, విడిచిన మా పొలములను దున్నువారెవరు, తమ దేశముకంటె వారికిక్కడనే సుఖమని యతని వాదము. జాక్సన్ వాదమే, బానిసలు మాత్రము తెల్లవారు. ఆ లేఖ మార్చి 23వ తేదీది. ఏప్రిల్ 17న ఫ్రాంక్లిన్ మరణించెను.

ఫిలడెల్ఫియాలోని యతని సమాధిశిల, అతడు వీలునామాలో కోరినట్లే, నిరాడంబరమైనది. దానిపై తన పేరును, భార్య డెబోరా పేరును, 1790 అను సంవత్సరమును మాత్రమే కలవు.