రాబర్టు వైట్‌హెడ్

నేటి బాలురు కంప్యూటరు తెరపై జలాంతర్గాముల యాట నాడునప్పుడు, శత్రునౌక నీటిలో నెంత దిగియున్నదో యెంచి, టార్పీడో యింత లోతున పోవలయునని యొక యంకెను నిర్ణయింతురు. ఆ యంకె మిక్కిలి హెచ్చైనచో టార్పీడో యోడ క్రిందుగా దూరిపోవును. మిక్కిలి తక్కువైనచో నలలలో పైకి లేచి దారి తప్పును. ఆటలో నొక్క క్షణమున ముగియు నీ పనికి వెనుక నొక మనుజుని దీర్ఘపరిశ్రమ కలదు. అతని చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

రాబర్టు వైట్‌హెడ్ 1823వ సంవత్సరము జనవరి 3వ తేదీన నింగ్లండులోని బోల్టను పట్టణమున జన్మించెను. అతని తండ్రి నూలుబట్టలు చలువచేయించు వ్యాపారి. బాలుడు మాంచెష్టరులో యంత్రముల పనియు, చిత్తుపటములు గీయుటయు నేర్చి, పిమ్మట ఫ్రాన్సునకును, అటనుండి మిలాను నగరమునకును పోయెను. అచ్చట పట్టుమగ్గములను బాగుచేసి హక్కుపత్రములు సంపాదించెను గాని, 1848లో పుట్టిన విప్లవమున నవి రద్దయ్యెను. అంతటితో నధైర్యపడక యతడు ట్రియెస్టుకు పోయి, 1856లో ఫియూమె రేవునందలి యంత్రశాలకు నిర్వాహకుడయ్యెను. ఆ పట్టణము నేడు క్రొయేషియాలో రియెకా యను పేర నున్నది.

1864లో ఆస్ట్రియా నౌకాదళమున పనిచేసి విరమించిన జియొవాన్ని లుప్పిస్ యను నధికారి యొక నమూనాను తెచ్చి వైట్‌హెడ్‌కు చూపెను. అది మందుగుండు నింపుకొని నీటిపై తేలుచు పోవు చిన్నపడవ. ఒడ్డునుండి త్రాళ్లతో దానిని నడపవలెను. వైట్‌హెడ్ ఆ త్రాళ్లను విడిచిపెట్టి, కంటికి కనబడక నీటిలోపల తనంత తానే పోవు సాధనమును చేయ సంకల్పించెను. పండ్రెండేండ్ల కుమారుని, నమ్మకస్థుడగు నొక పనివానిని మాత్రమే తోడు చేసికొని రహస్యముగా శ్రమించి, 1866లో దానిని సిద్ధపరచెను. అదిమిపెట్టిన గాలిచే నడచు నా యంత్రము 6, 7 నాట్ల వేగమున పోయెను.

అయినను నది చెప్పిన లోతున నిలువలేదు. ఒకమారు నీటిపైకి దుమికెను. ఒకమారు నడుగునకు దిగెను. ఈ చిక్కు నెట్లు విడిపోయెనో వినుడు. తెనాలి కాలువలోనో, రేపల్లె చెరువులోనో, బాపట్ల చేరువనున్న సూర్యలంక సముద్రములోనో మునిగినవారికి లోతు హెచ్చిన కొలది చెవులపై నొత్తిడి హెచ్చుట తెలియును. ప్రతి 10 మీటర్లకు నించుమించుగా నొక వాయుమండలపు పీడనము పెరుగును. వైట్‌హెడ్ ఒక పలకకు వెలుపల సముద్రపు నీటిని, లోపల స్ప్రింగును నిలిపెను. స్ప్రింగును బిగించుటయే లోతును నిర్ణయించుట. లోతు మించినచో నీరు గెలిచి, పలకను లోనికి నెట్టి, చుక్కానిని త్రిప్పి టార్పీడోను పైకి తెచ్చును. లోతు తగ్గినచో స్ప్రింగు గెలుచును.

అయితే యీ యొక్క సాధనముతో టార్పీడో త్రిన్నగా పోక, యుయ్యెలవలె పైకిని క్రిందికిని ఊగుచు పోయెను. అంతట నతడొక లోలకమును వ్రేలాడదీసి, ముక్కు వంగినంతనే యది చుక్కానిని సవరించునట్లు పలకతో కూర్చెను. పలక లోతును కనిపెట్టును, లోలకము వాలును కనిపెట్టును. రెండును కలిసినప్పుడే నడక కుదిరెను. ఈ యమరికను చాలకాలము రహస్యమనియే పిలిచిరి. 1871లో బ్రిటిషు ప్రభుత్వము 15,000 పౌనులిచ్చి యీ విద్యను కొనెను. అనతికాలమున నితర రాజ్యములును కొనెను.

వైట్‌హెడ్ ధనవంతుడై 1905 నవంబరు 14వ తేదీన నింగ్లండులో మరణించెను. పిమ్మట జరిగిన దొకటి తెలుపక తప్పదు. అతని మనుమరాలు ఆగాథాను వివాహమాడిన గెయోర్గ్ ఫాన్ ట్రాప్ ఆస్ట్రియా జలాంతర్గామి కధిపతి. అతడు 1915 ఏప్రిలులో ఫియూమె యంత్రశాలలోనే నిర్మింపబడిన నౌకనుండి టార్పీడోలను విడిచి, లియోన్ గాంబెట్టా యను ఫ్రెంచి యుద్ధనౌకను ముంచెను. ఆరువందలకు పైగా నావికులు మరణించిరి. తాత సరిచేసిన లోతు నాడు తప్పలేదు.

తప్పిన సందర్భమును కలదు. రెండవ ప్రపంచయుద్ధమున నమెరికా వారి 14వ నమూనా టార్పీడోలు గురితప్పుచుండగా, తయారుచేసిన శాఖవారు తప్పంతయు నావికులదే యనిరి. 1942 జూనులో ఆస్ట్రేలియాలోని ఆల్బనీ వద్ద సముద్రమున చేపలవల కట్టి, దానిలోనికి టార్పీడోలను విడిచి, పడిన రంధ్రములను కొలువగా నవి సుమారు 11 అడుగులు ఎక్కువ లోతున పోవుచున్నట్లు తేలెను. ఒత్తిడిని గ్రహించు రంధ్రమును వేగమున నీటి పీడనము తగ్గు తోకభాగమున నుంచుటయు నొక కారణము. పెద్దల వాదమును నిజాంపట్నపు జాలరి యెరిగిన వలవంటి వల యొకటి తేల్చివేసెను.

నేడు మన విశాఖపట్టణమునందును 1969లో స్థాపింపబడిన నౌకా శాస్త్ర సాంకేతిక ప్రయోగశాల యీ విద్యనే సాగించుచు, వరుణాస్త్రమను టార్పీడోను నిర్మించినది.

విద్యార్థులారా, వైట్‌హెడ్‌నుండి రెండు సంగతులు గ్రహింపుడు. పనిముట్టు చెప్పు నంకెను పరీక్షింపక నమ్మరాదు. సరియైన యంకె యెవరి ప్రాణమును తీయునో యది పనిముట్టు చెప్పదు; దాని నాలోచించుభారము మనుష్యునిదే. ఆటలో నా యంకెను త్రిప్పునపుడైనను దీనిని మరువకుందురని మా యాశ.