రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్

రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్ (జూలై 16, 1909 - ఆగస్టు 2, 1940) ఇంగ్లాండుకు చెందిన విమాన చోదకుడు, మోటారు కారు పందేల విజేత, పాత విమానాల సేకర్త. పనికిరాని సామానుగా మూలపడి ఉన్న తొలితరం విమానాలను కొని, మరమ్మత్తు చేయించి, వాటిని తిరిగి ఎగిరే స్థితికి తెచ్చిన తొలి వ్యక్తులలో ఇతను ఒకడు. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో బ్రిటిష్ వాయుసేనలో పనిచేస్తూ, ఒక రాత్రి శిక్షణ సమయంలో జరిగిన ప్రమాదంలో 31 ఏళ్ళ వయసులో మరణించాడు. ఇతను ప్రారంభించిన సేకరణ నేడు షటిల్‌వర్త్ కలెక్షన్ అనే పేరుతో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఓల్డ్ వార్డెన్ గ్రామంలో ఉన్నది. చారిత్రక విమానాలను, యుద్ధ విమానాలను అభిమానించేవారికి ఇది ప్రపంచంలోని ముఖ్యమైన ప్రదేశాలలో ఒకటి.

కుటుంబ నేపథ్యము

రిచర్డ్ తాత జోసెఫ్ షటిల్‌వర్త్ 1842లో నథానియెల్ క్లేటన్‌తో కలిసి లింకన్ పట్టణంలో క్లేటన్ అండ్ షటిల్‌వర్త్ అనే కర్మాగారాన్ని స్థాపించాడు. ఈ సంస్థ ఆవిరి ఇంజన్లు, ధాన్యం నూర్పిడి యంత్రాలు తయారు చేసి పెద్ద సంస్థగా ఎదిగింది. ఆ సంపదతో జోసెఫ్ 1872లో ఓల్డ్ వార్డెన్ ఎస్టేటును కొని, అక్కడ ఒక పెద్ద భవనాన్ని కట్టించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో లింకన్ కర్మాగారం విమానాల తయారీని కూడా చేపట్టింది. సాప్‌విత్ సంస్థ రూపొందించిన ట్రైప్లేన్, క్యామెల్ యుద్ధ విమానాలు ఇక్కడ తయారయ్యాయి. అంటే రిచర్డ్ పాత విమానాల మీద ఆసక్తి పెంచుకోవడానికి చాలా ముందే ఆ ఇంటిపేరుకు విమానాలతో సంబంధం ఏర్పడింది.

జననము, విద్య

రిచర్డ్ 1909, జూలై 16న ఓల్డ్ వార్డెన్‌లో జన్మించాడు. ఇతను పుట్టిన తొమ్మిది రోజులకు, జూలై 25న, ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ బ్లేరియో తన విమానంలో ఇంగ్లీషు ఛానెల్‌ను దాటాడు. రిచర్డ్ తండ్రి కల్నల్ ఫ్రాంక్ షటిల్‌వర్త్. తల్లి డొరొతీ క్లోటిల్డా ఆ గ్రామంలోని చర్చి మతాధికారి కుమార్తె. రిచర్డ్ వీరికి ఏకైక సంతానం. 1913లో తండ్రి మరణించే నాటికి రిచర్డ్‌కు నాలుగేళ్ళు కూడా నిండలేదు. అప్పటినుండి కుమారుని పెంపకము, ఎస్టేటు బాధ్యత తల్లి మీద పడ్డాయి.

రిచర్డ్ ఈటన్ పాఠశాలలో చదువుకొని, తరువాత సైన్యంలో చేరి అశ్విక దళంలో పనిచేశాడు. 23 ఏళ్ళ వయసులో, 1932లో, వారసత్వపు ఆస్తి ఇతని చేతికి వచ్చింది. దానితో సైన్యాన్ని విడిచి ఓల్డ్ వార్డెన్‌కు తిరిగివచ్చాడు.

తొలి విమానము

1932లోనే రిచర్డ్ తన మొదటి విమానాన్ని కొన్నాడు. అది 1928లో తయారైన డి హావిలాండ్ మాత్. ఒక వరుసపై మరొక వరుసగా రెక్కలు, ఇద్దరు కూర్చొనే వీలు గల తేలికపాటి విమానమిది. ఆ కాలంలో ఔత్సాహికులు ఎక్కువగా వాడినది ఇదే రకం. ఎస్టేటులోని ఒక గడ్డి మైదానాన్ని ఇతను విమాన క్షేత్రంగా మార్చి, షెడ్డు కట్టించాడు. ఆ మాత్ విమానం నేటికీ అదే మైదానంలో ఉన్నది, ఎగురుతున్నది కూడా.

1933లో ఢిల్లీలో జరిగిన వైస్రాయి కప్పు విమాన పందెంలో పాల్గొనడానికి రిచర్డ్, అతని స్నేహితుడు జార్జ్ స్టెడ్ ఇంగ్లాండు నుండి భారతదేశానికి ప్రయాణించారు. వీరు చెరొక కాంపర్ స్విఫ్ట్ విమానాన్ని నడుపుకుంటూ వచ్చారు. ఒక్కరికి మాత్రమే చోటుండే ఈ చిన్న విమానంలో అంత దూరం రావడమంటే దారి పొడవునా చాలాచోట్ల దిగి, ఇంధనం నింపుకొని, తిరిగి బయలుదేరవలసి ఉండేది. భారతదేశంలో తేయాకు తోటల యజమాని ఆల్బన్ ఆలీకి చెందిన, స్కార్లెట్ ఏంజెల్ అనే పేరు గల మరొక కాంపర్ స్విఫ్ట్ చాలాకాలం తరువాత ఓల్డ్ వార్డెన్ సేకరణలోకి చేరింది.

మోటారు కారు పందేలు

రిచర్డ్‌కు విమానాల కంటే ముందే కార్ల మీద ఆసక్తి ఏర్పడింది. 1898 నాటి పాన్‌హార్డ్ లెవాసర్ కారును సేకరించి నడిపాడు. పాతకాలపు కార్లతో జరిగే లండన్ - బ్రైటన్ యాత్రలో పాల్గొన్నాడు. యంత్రం ఎంత పాతదైనా నడవాలి అనే అభిప్రాయం ఇతనికి ఈ కార్లతోనే అలవడింది.

కొత్త కార్లతో పందేలలో కూడా పాల్గొని పేరు తెచ్చుకున్నాడు. 1935, అక్టోబరు 5న జరిగిన మొట్టమొదటి డోనింగ్టన్ గ్రాండ్ ప్రీ పందెంలో ఆల్ఫా రోమియో కారును నడిపి విజేతగా నిలిచాడు. అయితే 1936 జనవరిలో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ పట్టణంలో జరిగిన గ్రాండ్ ప్రీలో ఇతని కారు ప్రమాదానికి గురైనది. తలకు తీవ్రమైన గాయమై చాలా రోజులు స్పృహలేకుండా ఉన్నాడు. కోలుకోవడానికి నెలలు పట్టింది.

పాత విమానాల సేకరణ

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత వేలాది యుద్ధ విమానాలు మిగిలిపోయాయి. వాటిలో కొన్నిటిని చవకగా అమ్మివేశారు, చాలా వాటిని విరగ్గొట్టి తగులబెట్టారు. కర్ర, గుడ్డ, తీగలతో చేసినవి కావడంతో ఆరుబయట వదిలేసినవి కూడా త్వరగానే పాడైపోయాయి. యుద్ధానికి ముందటి విమానాలు అంతకంటే అరుదు. 1930లలో కొత్త నమూనాలు ఏడాదికేడాది వేగం పెంచుకుంటూ వస్తుంటే, పాతికేళ్ళ నాటి విమానానికి విలువ ఉన్నదని తలచినవారు తక్కువ.

ఇటువంటి సమయంలో, 1935లో, రిచర్డ్ తన జిల్లాలోనే రెండు అపురూపమైన విమానాలను సంపాదించాడు. వాటిని అంతవరకు ఎ.ఇ.గ్రిమ్మర్ అనే వ్యక్తి భద్రపరచాడు.

బ్లేరియో 11: ఇది 1909లో తయారైనది, ఆ వరుసలో 14వ విమానము. ఛానెల్ దాటిన విమానం కూడా ఇదే రకం. ఇది లండన్ సమీపంలోని హెండన్‌లో గల బ్లేరియో శిక్షణ పాఠశాలలో వాడబడి, 1912లో ప్రమాదానికి గురై, లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్ రైలు వంతెన క్రింద పడివుండగా గ్రిమ్మర్ దానిని కొని బాగుచేసి నడిపాడు. దీని ఇంజను మూడు సిలిండర్ల అంజానీ రకం, సామర్థ్యం సుమారు 25 అశ్వశక్తి.

డెపర్‌డుస్సాన్: 1910 నాటి ఫ్రెంచి విమానము. ఇదికూడా హెండన్‌లో దెబ్బతిన్న తరువాత గ్రిమ్మర్ చేతికి వచ్చినది.

ఈ రెండు విమానాలలో నేటి విమానాలవలె రెక్కల చివర కదిలే పలకలు ఉండవు. చోదకుడు తీగలను లాగి రెక్కనే కొద్దిగా మెలితిప్పి విమానాన్ని ప్రక్కకు వంచుతాడు. చక్రాలకు బ్రేకులు లేవు. కొద్దిపాటి గాలి వీచినా అదుపు తప్పే అవకాశం ఉన్నది.

తరువాత రిచర్డ్ ఒక సాప్‌విత్ డవ్ విమానాన్ని సంపాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన పప్ అనే యుద్ధ విమానాన్ని, యుద్ధానంతరం పౌరుల అవసరాల కోసం ఇద్దరు కూర్చొనేలా మార్చి డవ్ పేరుతో అమ్మారు. రిచర్డ్ తన డవ్‌ను తిరిగి ఒక్కరు కూర్చొనే పప్ రూపానికి మార్పించాడు. దీని ల రోన్ ఇంజనులో ప్రొపెల్లరుతో పాటు ఇంజను సిలిండర్లన్నీ కలిసి తిరుగుతాయి. ఇటువంటి ఇంజన్లకు కందెనగా ఆముదం వాడేవారు. ఆ ఆముదం కాలిన వాసన ఇప్పటికీ ఆ కాలపు విమానాల ప్రదర్శనలకు వచ్చేవారికి చిరపరిచితం.

ఎగరవలెనా, భద్రపరచవలెనా

రిచర్డ్ తన విమానాలను అలంకారంగా నిలబెట్టి ఉంచలేదు. ప్రతి యంత్రము ఎగరగలిగే స్థితిలో ఉండాలన్నది ఇతని పద్ధతి. ఈ పద్ధతి మీద విమాన చరిత్రకారులలో, ప్రదర్శనశాలల నిర్వాహకులలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

ఎగరరాదు అనేవారి వాదన: ఎగిరిన ప్రతిసారీ ప్రమాదానికి అవకాశం ఉన్నది. ప్రమాదం జరగకపోయినా భాగాలు అరుగుతాయి. గుడ్డ, తీగలు, కర్ర భాగాలు ఎప్పటికప్పుడు మారుస్తూ పోతే కొంతకాలానికి అసలు వస్తువు ఎంత మిగిలిందన్న ప్రశ్న వస్తుంది. కదలకుండా ఉంచిన విమానం ఆనాటి పనితనానికి మార్పులేని సాక్ష్యంగా నిలుస్తుంది.

ఎగరాలి అనేవారి వాదన: విమానం ఆకారము మాత్రమే కాదు, అది గాలిలో ఎలా ప్రవర్తిస్తుందన్నది కూడా చరిత్రే. తీగలను ఎంత బిగించాలి, ఇంజను ఎలా మొదలుపెట్టాలి, ఏ గాలిలో ఎగరకూడదు అన్న విషయాలు పుస్తకాలలో పూర్తిగా దొరకవు. ఒక తరం మెకానిక్కులు, చోదకులు తరువాతి తరానికి చేత్తో చేసి చూపిస్తేనే అవి నిలుస్తాయి. యంత్రం ఆగిపోతే ఆ విద్య కూడా పోతుంది.

రిచర్డ్ రెండవ మార్గాన్ని ఎంచుకున్నాడు. ఇతని తరువాత ఓల్డ్ వార్డెన్ నిర్వాహకులు జాగ్రత్తలతో ఈ మార్గాన్నే కొనసాగించారు. ఉదాహరణకు బ్లేరియో విమానాన్ని గాలి లేని సమయంలో మాత్రమే బయటికి తీసి, మైదానం మీదుగా తిన్నగా, తక్కువ ఎత్తులో కొద్ది దూరం ఎగిరించి దించివేస్తారు. సాధారణంగా సాయంత్రానికి గాలి తగ్గుతుంది. అందువలన తొలితరం విమానాల వంతు ప్రదర్శన చివరలో వస్తుంది. గాలి తగ్గని రోజున అవి షెడ్డులోనే ఉండిపోతాయి.

యుద్ధము, మరణము

రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో రిచర్డ్ బ్రిటిష్ వాయుసేనలో చేరాడు. అప్పటికే ఎన్నో రకాల విమానాలు నడిపిన అనుభవం ఉన్నా, యుద్ధ విధులకు అవసరమైన శిక్షణ తీసుకోవలసి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బెన్సన్ స్థావరంలో ఇతను ఫెయిరీ బ్యాటిల్ రకం విమానం నడపడంలో శిక్షణ పొందుతూ ఉన్నాడు. ఇది ఒకే ఇంజను గల తేలికపాటి బాంబర్ విమానము. 1936లో తొలిసారి ఎగిరిన ఈ రకం, 1940 మే నెలలో ఫ్రాన్సులో జరిగిన పోరులో శత్రువుల వేగాన్ని తట్టుకోలేక భారీగా నష్టపోయింది. ఆ తరువాత దీనిని ఎక్కువగా శిక్షణకు ఉపయోగించారు.

1940, ఆగస్టు 2న రాత్రివేళ ఒంటరిగా విమానం నడుపుతుండగా అది ఒక కొండవాలుపై కూలిపోవడంతో రిచర్డ్ మరణించాడు. తనతో సమాన వయసు గల బ్లేరియోను ఎగిరే స్థితికి తెచ్చిన వ్యక్తి, తయారై ఎన్నో ఏళ్ళు గడవని సైనిక విమానంలో ప్రాణాలు కోల్పోయాడు. ఇతనికి వివాహం కాలేదు.

తల్లి డొరొతీ కృషి

ఏకైక కుమారుని మరణంతో ఆ వంశం అక్కడితో ఆగిపోయింది. యుద్ధకాలంలో డొరొతీ తమ భవనాన్ని గాయపడిన వైమానిక సిబ్బంది కోలుకోవడానికి ఆశ్రయంగా ఇచ్చింది. 1944లో కుమారుని జ్ఞాపకార్థం రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్ రిమెంబరెన్స్ ట్రస్టును స్థాపించి, ఎస్టేటును దానికి అప్పగించింది. వ్యవసాయం, అడవుల పెంపకం, విమానయానం - ఈ రంగాలలో విద్యను అందించడం ఈ ట్రస్టు ఆశయం. 1946లో ఆ భవనంలోనే వ్యవసాయ కళాశాల ప్రారంభమైంది. కుమారుడు మిగిల్చిన విమానాలను, కార్లను అమ్మివేయకుండా అలాగే ఉంచారు. డొరొతీ 1968లో మరణించింది.

సేకరణ విస్తరణ

1963 నుండి సేకరణను ప్రజలు నిత్యము సందర్శించే ఏర్పాటు జరిగింది. రిచర్డ్ కొన్న కొద్దిపాటి విమానాలకు తరువాతి కాలంలో అనేకం వచ్చి చేరాయి. వాటిలో ముఖ్యమైనవి:

మొదటి ప్రపంచ యుద్ధ కాలపు ఎస్.ఇ.5ఎ, బ్రిస్టల్ ఫైటర్, ఆవ్రో 504 విమానాలు.

1934లో ఇంగ్లాండు నుండి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ వరకు జరిగిన పందెంలో గెలిచిన డి హావిలాండ్ కామెట్, గ్రోవనర్ హౌస్.

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు గ్లాడియేటర్, లైసాండర్, సీ హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలు. ఈ స్పిట్‌ఫైర్ చెకోస్లొవేకియా చోదకులతో ఏర్పడిన 310వ స్క్వాడ్రన్‌లో పనిచేసినది.

వీటి నిర్వహణలో వేతన సిబ్బందితో పాటు ఔత్సాహికుల పాత్ర కూడా ఉన్నది. షటిల్‌వర్త్ వెటరన్ ఏరోప్లేన్ సొసైటీ అనే అభిమానుల సంఘం నిధులు సేకరించి, స్వచ్ఛందంగా పనిచేసి తోడ్పడుతున్నది.

విశేషాలు

నార్తర్న్ ఏరోప్లేన్ వర్క్‌షాప్స్ అనే స్వచ్ఛంద బృందం, పాత నమూనా పటాల ఆధారంగా, ఒక సాప్‌విత్ ట్రైప్లేన్‌ను ఈ సేకరణ కోసం నిర్మించింది. ఆ పనితనాన్ని చూసిన సర్ థామస్ సాప్‌విత్ దానిని నకలుగా భావించక, తన సంస్థ ఆలస్యంగా ఉత్పత్తి చేసిన విమానంగా గుర్తించి, దానికి 153 అనే వరుస సంఖ్యను ఇచ్చాడు.

అదే బృందం మొదలుపెట్టిన సాప్‌విత్ క్యామెల్ నిర్మాణం ఓల్డ్ వార్డెన్‌లో పూర్తయి, 2017లో ఆ విమానం తొలిసారి ఎగిరింది. ఒకప్పుడు రిచర్డ్ కుటుంబపు కర్మాగారంలో తయారైన రెండు రకాల యుద్ధ విమానాలు ఈ విధంగా అతని మైదానానికి చేరుకున్నాయి.

1965లో విడుదలైన ఒక హాస్య చలనచిత్రం కోసం 1910 నాటి బ్రిస్టల్ బాక్స్‌కైట్, ఆవ్రో ట్రైప్లేన్ విమానాల నకళ్ళను ఎగిరేలా నిర్మించారు. ఆ రెండూ కూడా తరువాత ఈ సేకరణలో చేరాయి.