అమీన్ కొలువు నుండి కొత్వాల్ గిరీ దాకా

మన చిన్నతనంలో నారాయణపేట వైపు పెద్దలు సబ్ ఇన్‌స్పెక్టరు గారిని అమీన్ సాబ్ అనేవారు. ఆ అమీన్ కొలువులో చేరి హైదరాబాదు నగర కొత్వాల్ దాకా ఎదిగిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు మన పాత మహబూబ్‌నగర్ జిల్లా బిడ్డ. పెన్షనర్ మిత్రులకు తెలిసిన పేరే అయినా, పిల్లల కోసం మరోసారి చెప్పుకుందాం.

1869 ఆగస్టు 22న వనపర్తి సంస్థానంలోని రాయణిపేటలో జన్మించారు. పసితనంలోనే తల్లి పోగా అమ్మమ్మ గారింట పెరిగారు. ఇరవై ఏండ్లు నిండకముందే ముద్గల్‌లో అమీన్ అయ్యారు. మనకు ముద్గల్ మరీ పరాయి చోటు కాదు. కృష్ణ దాటి రాయచూరు మీదుగా పడమటికి పోతే వస్తుంది. అక్కడి రైతు మాట కన్నడం, ఠాణా రాత ఉర్దూ. తెలుగింటి పిల్లవాడు ఆ రెండూ, వాటితోపాటు మరాఠీ, ఫారసీ కూడా పట్టుకున్నాడు. నాలుగు భాషలు వినబడే నారాయణపేట బజారులో పెరిగిన మనకు ఆ పట్టు విలువ చెప్పనక్కరలేదు. ఫిర్యాదుదారు గోడు వాని భాషలోనే వినగలిగిన అమీన్‌కు దుబాసీతో పనేమిటి?

జిల్లాలలో ఎన్నో ఏండ్లు పనిచేసి నగరానికి వచ్చి, 1920లో కొత్వాల్ అయ్యారు. సాధారణంగా ముస్లిం అధికారులకే దక్కే పదవి అది. నిజాం ప్రభువుకు నేరుగా జవాబు చెప్పవలసిన పని. 1934 వరకు, పద్నాలుగేళ్ళు, ఆ కత్తి మీద సాము చేశారు.

ఒక్క మాట దాచకుండా చెప్పాలి. సభ పెట్టాలన్నా అనుమతి కావలసిన రోజులవి. ఆ రాజ్యపు శాసనాన్ని నగరంలో అమలు జరిపించిన చేయి ఆయనదే. అయితే 1918లో రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకొన్నదీ ఆ చేయే. పేరు కులానిదే, కాదనలేము. కాని పల్లెల నుండి చదువుకు వచ్చిన కుర్రవాళ్ళకు పట్నంలో తల దాచుకునే చోటు, చదువుకునే గ్రంథాలయం దొరికాయి. మన జిల్లా వారే అయిన సురవరం ప్రతాపరెడ్డి గారు దాని కార్యదర్శిగా ఉంటూనే 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. 1939లో కొత్వాల్ గారి జీవితచరిత్ర రాసిందీ వారే. ఆడపిల్లల తెలుగు చదువుకు మాడపాటి హనుమంతరావు గారు నారాయణగూడలో పెట్టిన పాఠశాలకు కూడా వెంకటరామారెడ్డి గారి అండ ఉండేది.

ఉద్యోగ విరమణ తర్వాత మనలో కొందరిలా (ఈ రచయితతో సహా) అరుగు మీద కూర్చోలేదు. అరవై అయిదేళ్ళ వయసులో నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్ వ్యవహారాలు చూసే స్పెషల్ ఆఫీసరు బాధ్యత నెత్తికెత్తుకున్నారు.

రెడ్డి హాస్టల్‌లో ఉండి చదువుకున్న వారిలో రావి నారాయణరెడ్డి గారొకరు. తర్వాత నిజాం పాలనపై సాయుధ పోరాటం నడిపిన నాయకులలో ఒకరై, 1952 ఎన్నికలలో నల్లగొండ నుండి పార్లమెంటుకు గెలిచారు. వృద్ధ కొత్వాల్ అప్పటికి జీవించే ఉన్నారు. మరుసటి ఏడు జనవరి 25న కన్నుమూశారు.